ఏ వందలో ఎంత?

మునగాకులో పాలకన్నా 17 రెట్లు కాల్షియం ఉందన్న మాట కొన్నేళ్లుగా ఊరంతా తిరుగుతోంది. మునగాకు పొడి డబ్బాల మీద ఉంటుంది, ఆరోగ్య సలహాల వీడియోల్లో వినిపిస్తుంది. ఆ 17 గాల్లోంచి తీసిన అంకె కాదు. ఎండబెట్టి దంచిన ఆకు 100 గ్రాముల్లో కాల్షియం సుమారు 2,000 మిల్లీగ్రాములని ఒక పట్టిక చాలాకాలంగా చేతులు మారుతోంది. పాలు 100 గ్రాముల్లో ఉండేది సుమారు 120. భాగిస్తే 17 వచ్చేస్తుంది. కానీ పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఆకు పొడిలో ఏడెనిమిది పాళ్లకు మించి ఉండవు. తక్కెడలో ఒకవైపు సరుకును నీళ్లతో సహా పెట్టి, రెండోవైపు నీళ్లు తీసేసి పెట్టారన్నమాట. రెండువైపులా ఒకేలా పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం పచ్చి మునగాకులో నీరు దాదాపు 76 శాతం, కాల్షియం 100 గ్రాములకు 314 మిల్లీగ్రాములు. పచ్చి ఆకును పాలతో పోలిస్తే ఆధిక్యం 2.6 రెట్లు. రెండింట్లోనూ నీళ్లు తీసేసి పోలిస్తే, ఆకులో మిగిలే 24 గ్రాముల ఘనపదార్థంలో 314 అంటే నూరు గ్రాములకు సుమారు 1,300. పాలలో మిగిలే 13 గ్రాముల్లో 120 అంటే నూరు గ్రాములకు సుమారు 920. ఆధిక్యం 1.4 రెట్లకు దిగింది. ఆకు వయసును, నేలను బట్టి కాల్షియం మారుతుంది కనుక ఈ అంకెలు కొంత అటూ ఇటూ కావచ్చు, కానీ 17 మాత్రం తిరిగి రాదు. ఇంకో సంగతి: చెంచాడు పొడి మూడు గ్రాములు తూగుతుందనుకుంటే, డబ్బా మీది లెక్క ప్రకారమే అందులో కాల్షియం 60 మిల్లీగ్రాములు, గ్లాసెడు పాలలో 240. ఆకు మంచిదే, కూర వండుకుని తినాల్సిందే. తప్పంతా పోలికలో ఉంది.

పదార్థంలో ఉండే ఇనుము, సున్నం, ప్రొటీన్, పిండి ఉన్నచోటే ఉంటాయి. నీరు అలా కాదు. ఎండ కాస్తే పోతుంది, ముసురు పడితే చేరుతుంది, గోనెసంచిలో ఒకలా, ప్లాస్టిక్ డబ్బాలో ఇంకోలా ఉంటుంది. అది పోయినప్పుడు మిగిలినవన్నీ తాము గ్రాము కూడా పెరగకుండానే శాతంలో పెరుగుతాయి; అది చేరినప్పుడు గ్రాము కూడా తరగకుండానే తగ్గుతాయి. అందుకే ఇందులో ఫలానాది ఇంత శాతం ఉంది అని చెప్పి ఊరుకుంటే సగం సంగతే చెప్పినట్టు. అది ఏ వందలో? నీటితో కలిసిన వందలోనా, నీరు తీసేశాక మిగిలిన వందలోనా? మొదటిదాన్ని పచ్చి లెక్క అనీ, రెండోదాన్ని ఎండు లెక్క అనీ అందాం. ఈ విషయం తెలిసినవాళ్లలో చాలామంది ఇంకో అడుగు ముందుకు వేసి, ఎండు లెక్కే అసలు లెక్క, పచ్చి లెక్క కంటికి గంతలు కట్టేదని అంటారు. నేను అంతదూరం వెళ్లను. నీటిని తీసేయాలా ఉంచాలా అన్నది మనం అడిగే ప్రశ్నను బట్టి తేలాలి. ఏది చేశామో చెప్పి తీరాలన్నది మాత్రం ప్రశ్నను బట్టి మారదు.

తిండి విషయంలో పచ్చి లెక్కకు బలమైన సమర్థన ఉంది. ఎవరూ పాలకూరను ఓవెన్‌లో మాడ్చి తినరు. వంటింట్లో తూకం వేసేది తడి కూరగాయనే. అందుకే 1937లో కూనూరు ప్రయోగశాల నుంచి డబ్ల్యూ. ఆర్. ఐక్రాయిడ్ వెలువరించిన మొదటి భారతీయ ఆహార పట్టికల నుంచి, 528 ఆహారాలను పరీక్షించి తెచ్చిన 2017 నాటి పట్టికల దాకా అన్నీ తినదగిన భాగం 100 గ్రాములకే లెక్కలు ఇచ్చాయి. అయితే ఆ పట్టికల్లో పోషకాలతో పాటు తేమకూ ఒక గడి ఉంటుంది. ఆ గడి ఉన్నందువల్లే మిగిలిన గడులు పనికొస్తాయి. దాన్ని చూడకుండా పట్టికలోంచి ఒక్క అంకెను ఎత్తుకెళ్లినప్పుడే చిక్కు. పచ్చి కందిపప్పులో ప్రొటీన్ దాదాపు 22 శాతం, ఉడికిన పప్పులో ఏడు శాతం అని చదివి, ఉడికిస్తే ప్రొటీన్ మూడోవంతుకు పడిపోతుందని నమ్మేవాళ్లున్నారు. వంద గ్రాముల పప్పు నీళ్లు తాగి మూడు వందల గ్రాములైంది, 22 గ్రాముల ప్రొటీన్ దాని లోపలే ఉంది, అంతే. అన్నానిదీ ఇదే కథ. వండిన అన్నంలో పిండిపదార్థాన్ని, పచ్చి జొన్నపిండిలోని పిండిపదార్థంతో పోల్చి మధుమేహులకు సలహాలు చెప్పే పట్టికలు చూస్తుంటాం. అన్నంలో నూటికి 65, 70 పాళ్లు నీళ్లు. పిండిలో పదో పన్నెండో. ఆ పోలికలో జొన్నకూ న్యాయం జరగదు, బియ్యానికీ జరగదు.

డబ్బుతో ముడిపడ్డచోట ఈ లెక్క ఇంకా పదునెక్కుతుంది. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో ప్రతి సీజన్‌లోనూ వినిపించే అంకె 17: తేమ 17 శాతానికి మించకూడదు. యంత్రంతో కోసిన పచ్చి వడ్లలో తేమ 20 నుంచి 25 దాకా ఉండటం మామూలే. 24 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను కళ్లంలో ఆరబోసి 17కు దించారనుకుందాం. ఎంత తూగాలి? 24లోంచి 17 తీస్తే 7, కనుక 93 కిలోలు అన్న జవాబు ఎవరికైనా నోటికొస్తుంది. అది తప్పు. మొదటి క్వింటాలులో నీరు 24 కిలోలు, గింజ 76 కిలోలు. ఎండకు నీరు పోయింది గాని ఆ 76 కిలోలకు ఏమీ కాలేదు. ఎండాక తేమ 17 శాతమంటే గింజ 83 శాతమని అర్థం. 76 కిలోలు 83 శాతమయ్యే మొత్తం ఎంత? 76ను 0.83తో భాగిస్తే 91.57. అంటే తగ్గింది ఏడు కిలోలు కాదు, ఎనిమిది కిలోల 430 గ్రాములు. మిగిలిన కిలోన్నర ఎటు పోయింది? ఎటూ పోలేదు. 24 ఒక వందలోది, 17 ఇంకో వందలోది. వేరు వేరు వందల్లోని అంకెలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాం. ఇదే సూత్రాన్ని చివరిదాకా లాగితే నమ్మబుద్ధి కాని ఫలితాలు వస్తాయి. నూటికి 99 పాళ్లు నీరున్న వంద కిలోల సరుకును 98 పాళ్లకు ఎండబెడితే అది యాభై కిలోలే తూగుతుంది. ఒక్క శాతం తేమ తగ్గడానికి సగం బరువు పోయింది. వడ్లలో తేడా అంత ఘోరంగా ఉండదు. కానీ వంద క్వింటాళ్లకు 143 కిలోలు తక్కువ తూగినప్పుడు, కాంటాలో మోసముందని రైతు, రాత్రికి రాత్రి బస్తాలు తరలాయని కాపలావాడి మీద ఇంకొకరు అనుమానపడే అవకాశం ఉంది. ఇందులో కనీసం కొంత అనుమానం లెక్క తెలియక పుట్టేదే.

ఇదే లెక్కను రెండోవైపు నుంచి చూస్తే రైతుకు ఇంకా ముఖ్యమైన సంగతి కనిపిస్తుంది. యాసంగి పంట, డెల్టా జిల్లాల్లో దాళ్వా అనేది, మండుటెండల్లో చేతికొస్తుంది. రెండు రోజులు ఎక్కువ ఆరబోస్తే తేమ 13కు దిగిపోవచ్చు. అప్పుడు క్వింటాలులో గింజ 87 కిలోలు. నిబంధన అడిగింది 83. తేమ 13 ఉన్న క్వింటాలు వడ్లు 17 తేమ ఉన్న 104.8 కిలోల వడ్లతో సమానం. రైతు క్వింటాలు ధరకు నాలుగు కిలోల 800 గ్రాములు అదనంగా ఇచ్చేశాడు, దానికి రూపాయి కూడా రాదు. పైకి పోతే అడ్డుకునే నిబంధన కిందికి దిగితే మాట్లాడదు. దీనికి మిల్లరు చెప్పే జవాబు కొట్టిపారేయదగింది కాదు. 17 శాతం వడ్లను ఎక్కువకాలం నిల్వ చేస్తే ముక్కిపోతాయి, రంగు మారతాయి. మర ఆడించడానికి 14 దగ్గరికి ఎండబెట్టుకోవాలి, అందులో ప్రతి క్వింటాలుకూ మూడున్నర కిలోలు తనకు పోతుందని అతను అంటాడు. నిజమే. 17 అనేది ప్రకృతి పెట్టిన గీత కాదు, కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ సర్కారు గీసిన రాజీ గీత. రాజీ ఎక్కడైనా కుదుర్చుకోవచ్చు. గీతకు అటూ ఇటూ ఉన్న సరుకును ఆ గీత దగ్గరికి మార్చే లెక్క మాత్రం అందరికీ తెలిసి ఉండాలి. అది చాలా చిన్న లెక్క: నూటిలోంచి తేమను తీసేసి 83తో భాగించడమే. తేమ 20 ఉన్న క్వింటాలు 96.4 కిలోల కింద లెక్క, 22 ఉన్నది 94 కిలోలు, 14 ఉన్నది 103.6 కిలోలు. కేంద్రం గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టగల పట్టిక ఇది. తరుగు పేరుతో ఎంత కోయాలన్న గొడవ ఈ పట్టికతో పూర్తిగా తీరదు, ఎందుకంటే తాలు, మట్టిబెడ్డలు వేరే లెక్క. తేమకు కోయాల్సిన తరుగు హద్దు మాత్రం తెలిసిపోతుంది, ఆ హద్దు దాటి ఎవరైనా కోస్తే అడిగేందుకు ఒక ఆధారం దొరుకుతుంది. మీటరు చూపే అంకె మీద కూడా ఒక కన్ను ఉండాలి. అది నీటిని తూచదు, గింజల విద్యుత్ గుణాన్ని చూసి తేమను ఊహిస్తుంది. గింజ వేడిగా ఉన్నా, రకం మారినా అంకె అటూ ఇటూ అవుతుంది కనుక అప్పుడప్పుడు ఓవెన్ పరీక్షతో సరిచూడాలి.

పత్తి దగ్గర ఏర్పాటు కాస్త మెరుగు. 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర. అక్కడి నుంచి 12 దాకా పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే కొనరు. కచ్చితంగా లెక్కిస్తే 12 తేమ దగ్గర కోత 4.35 శాతం ఉండాలి, నిబంధన 4 దగ్గర ఆగుతుంది. చిన్న తేడా, అది కూడా రైతు వైపే ఒరిగింది. బట్టల పరిశ్రమకు ఈ తెలివి పాతదే. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో పట్టును తేమ సరిచేసి తూచడానికే 1805లో ఒక ప్రభుత్వ తూకపు సంస్థ పెట్టారు. పట్టు తడిసినా చేతికి తెలియకుండా నీటిని దాచుకుంటుంది, పైగా బంగారంలా ఖరీదు. ఎండబెట్టిన పట్టు బరువుకు నూటికి 11 పాళ్లు నీటిని కలిపి, ఆ బరువుకే డబ్బు చెల్లించే ఆనవాయితీ అలాంటి చోట్ల స్థిరపడింది. పత్తికి ఆ అంకె 8.5. ఇక్కడ ఒక మెలిక ఉంది. నూలు మిల్లు చెప్పే 8.5, కొనుగోలు కేంద్రం చెప్పే 8 రెండూ ఒకే రకం శాతాలు కావు. మిల్లు నీటిని ఎండిన దూదితో భాగిస్తుంది, కేంద్రం తడి దూదితో భాగిస్తుంది. 8.5ను 108.5తో భాగిస్తే 7.8 వస్తుంది; కాబట్టి రెండూ దాదాపు ఒకే సరుకు గురించి మాట్లాడుతున్నాయి. తేమ తక్కువ ఉన్నంతవరకూ ఈ రెండు పద్ధతుల మధ్య తేడా కనబడదు, పెరిగేకొద్దీ విడిపోతుంది. సగం నీరున్న వస్తువులో పచ్చి లెక్కన తేమ 50 శాతం, ఎండు లెక్కన 100 శాతం. మట్టిని పరీక్షించే ఇంజనీర్లు, కలప వ్యాపారులు రెండో పద్ధతే వాడతారు కనుక అప్పుడే నరికిన మెత్తని కలపలో తేమ 120 శాతమని రాస్తే అచ్చుతప్పు కాదు. వాళ్లకు అదే నయం కూడా. రోడ్డు కట్ట మీద మట్టిని దిమ్మిస చేసేటప్పుడు ఇంకెన్ని నీళ్లు చల్లాలన్నది ప్రశ్న. ఎండు మట్టిని వంద అనుకుంటే, చల్లిన నీటితో పైనున్న అంకె మాత్రమే మారుతుంది, కిందున్నది కదలదు. తడి మట్టిని వంద అనుకుంటే నీళ్లు చల్లిన ప్రతిసారీ ఆ వంద కూడా మారిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పింది పైకి అంటుకున్న నీటి గురించి, లేదా కణాల్లో, నారల్లో నిండిన నీటి గురించి. స్ఫటికంలోనే ఇటుకలా ఇరుక్కుని ఉండే నీరు వేరే ఉంది. వరిలో జింకు లోపం వస్తే ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమంటారు. ఆ 20 కిలోలు ఏ జింకు సల్ఫేట్? అంగట్లో రెండు రకాలుంటాయి. ఒకదాంట్లో ప్రతి జింకు సల్ఫేట్ అణువుకూ ఏడు నీటి అణువులు తోడుంటాయి. బరువులో నూటికి 44 పాళ్లు నీరే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు దానికి 21 శాతం జింకు ఉండాలంటుంది. ఇంకోదాంట్లో ఒక్క నీటి అణువే. దానికి 33 శాతం జింకు. ముట్టుకుంటే రెండూ పొడిగానే ఉంటాయి, ఒక దాంట్లో దాదాపు సగం నీరని చేతికి తెలియదు. ఎకరానికి 20 కిలోల సిఫార్సు మొదటిదానికి చెప్పింది, అంటే 4.2 కిలోల జింకు. రెండోది వాడితే 12.7 కిలోలు చాలు. కిలో ధర చూసి మొదటిది చవక, రెండోది ఖరీదు అనుకునేవాళ్లు నీళ్లకు డబ్బు కడుతున్నామా అని ఒక్కసారి లెక్క చూసుకోవాలి: ధరను 21తోనో 33తోనో భాగించి జింకు శాతానికి ఎంత పడిందో చూస్తే చాలు. మైలుతుత్తం దగ్గర ఈ సంగతి కంటికే కనిపిస్తుంది. నీలం స్ఫటికాన్ని వేడి చేస్తే నీరు పోయి తెల్లని పొడి మిగులుతుంది, దాని మీద చుక్క నీరు వేస్తే మళ్లీ నీలమవుతుంది. నీలం దాంట్లో రాగి 25.5 శాతం, తెల్లదాంట్లో దాదాపు 40 శాతం.

ఎండు లెక్కనే పట్టుకుని వేలాడేవారికి అసలైన చిక్కు ఈ మైలుతుత్తం దగ్గరే వస్తుంది. పూర్తిగా ఎండింది అంటే ఏమిటి? ప్రయోగశాలల్లో 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా చూసి, పోయిందంతా నీరే అనుకుంటారు. మైలుతుత్తాన్ని ఆ ఓవెన్‌లో పెడితే ఐదు నీటి అణువుల్లో నాలుగు మాత్రమే పోతాయి. ఐదోది 200 డిగ్రీలు దాటేదాకా కదలదు. అంటే ఓవెన్ ఎండిందన్నప్పటికీ అందులో నీరుంది. దీనికి విరుద్ధమైన చిక్కు పసుపులో ఉంది. పసుపుకొమ్మును 105 డిగ్రీల దగ్గర ఉంచితే నీటితో పాటు దాని వాసన నూనెలు కూడా ఆవిరైపోతాయి. ఓవెన్ ఆ నూనెను కూడా నీటి ఖాతాలో రాసేస్తుంది. బెల్లం, తేనె వేడికి విరిగి కొత్తగా నీటిని పుట్టిస్తాయి కూడా. అందుకని మసాలా దినుసులకు వేరే పద్ధతి పెట్టారు. పొడిని టోలుయిన్‌లో వేసి మరిగిస్తారు; ఆవిరి చల్లబడి గీతలున్న సన్నని గాజు గొట్టంలో దిగుతుంది. నూనె టోలుయిన్‌లో కలిసిపోతుంది, నీరు కలవదు, బరువెక్కువ కనుక అడుగున వేరుగా నిలుస్తుంది. ఎన్ని మిల్లీలీటర్లో గీత చూసి చదువుకోవడమే. ఇంకా కచ్చితం కావాలంటే కార్ల్ ఫిషర్ అనే జర్మన్ రసాయనవేత్త 1935లో చూపిన దారి ఉంది. నీటితో మాత్రమే చర్య జరిపేలా అయోడిన్, సల్ఫర్ డయాక్సైడ్ కలిపి వాడి, ఎంత అయోడిన్ ఖర్చయిందో చూసి నీటిని లెక్కగట్టడం అది. పద్ధతికొక అంకె వస్తుంటే ఇక ఎండు లెక్క ఎందుకు, అదీ ఒక మాయే కదా అనొచ్చు. ఈ ఆక్షేపణలో సత్యముంది, కానీ దాన్నుంచి వచ్చే నిర్ణయం వేరు. ఎండిన స్థితి ప్రకృతిలో ముందే ఉన్నది కాదు, మనం ఒప్పుకున్నది. మీటరు పొడవు కూడా ఒప్పుకున్నదే. ఒప్పందాన్ని ఎవరు ఎక్కడ చేసినా అదే ఫలితం వచ్చేలా, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, ఏ పద్ధతి అని రాసిపెడితే అంకెలను పోల్చుకోవచ్చు. రాయకపోతే రెండు నిజాయతీగల ప్రయోగశాలలు కూడా ఒకే పసుపు మీద వాదులాడుకుంటాయి.

ఈ రాసిపెట్టడంలో మందుల పరిశ్రమ అందరికన్నా ముందుంది. అమాక్సిసిలిన్ 250 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర అట్ట మీద సన్నని అక్షరాలను చదివితే, అందులో ఉన్నది అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్ అనీ, అది 250 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్‌కు సమానమనీ ఉంటుంది. మూడు నీటి అణువులతో కలిసిన మందు నిజానికి 287 మిల్లీగ్రాములు వేస్తేనే అసలు మందు 250 అవుతుంది. అదే ముడి మందును ప్రయోగశాలలో ఉన్నదున్నట్టు పరీక్షిస్తే 86 శాతమే స్వచ్ఛత కనబడుతుంది, నాసిరకమని పక్కన పెట్టాల్సి వస్తుంది. స్ఫటికంలోని 13 శాతం నీటిని తీసేసి లెక్కిస్తే 99. శిలలను పరీక్షించేవాళ్లకూ ఇలాంటి సమస్యే ఉంది. దక్కన్ బసాల్టు లాంటి లావా రాయి యుగాలుగా వానకు నాని నీటిని పట్టుకుంటుంది. ఆ నీరు లావాతో వచ్చింది కాదు. రాయిలో సిలికా 51 శాతం, ఆవిరయ్యే భాగం 4 శాతం ఉంటే, ఆ నాలుగూ తీసేసి మళ్లీ నూటికి సర్దాలి. సిలికా 53 దాటుతుంది. బసాల్టుకు పై హద్దు 52 కనుక ఆ రాయి పేరే మారిపోతుంది. పుట్టినప్పుడు అది ఏ రాయి అన్నది ప్రశ్న కనుక ఇక్కడ నీటిని తీసేయడమే న్యాయం.

బొగ్గు దగ్గర ప్రశ్న మారుతుంది. బాయిలర్‌లోకి వెళ్లేది తడి బొగ్గే. అందులోని ప్రతి కిలో నీటినీ మరిగే స్థితి నుంచి ఆవిరిగా మార్చడానికే దాదాపు 540 కిలోకేలరీలు ఖర్చవుతాయి. నీటిని తీసేసి చెప్పిన వేడి విలువ బొగ్గు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి పనికొస్తుంది గాని, కరెంటు ఎంత పుడుతుందో చెప్పదు. మన దేశంలో చాలాకాలం ఉపయోగకర వేడి విలువ అనే సూత్రం నడిచింది. బూడిద శాతాన్నీ తేమ శాతాన్నీ కలిపి, 138తో గుణించి, 8,900లోంచి తీసేసేవారు. 2012 జనవరి 1 నుంచి దాన్ని వదిలి స్థూల వేడి విలువకు, అంటే జీసీవీకి మారారు. కిలోకు 7,000 కిలోకేలరీలు దాటితే జీ-1, అక్కడి నుంచి ఒక్కో 300కు ఒక్కో మెట్టు దిగుతూ జీ-17 దాకా గ్రేడులు. సింగరేణి బొగ్గుకూ ఇవే మెట్లు. అయితే గ్రేడు నిర్ణయించేటప్పుడు బొగ్గులో ఎంత తేమ ఉందనుకోవాలి? గనిలో ఒక రోజున్న తేమ మరో రోజు ఉండదు కనుక, 40 డిగ్రీల వేడి, 60 శాతం గాలి తేమ ఉన్న గదిలో బొగ్గు స్థిరపడ్డాక అందులో మిగిలే తేమను ప్రమాణంగా తీసుకున్నారు. అమ్మేవాడి వైపు నుంచి ఇది సబబైన ఏర్పాటే; వాన పడిందని తన బొగ్గు నాణ్యత పడిపోయిందంటే అతను ఒప్పుకోడు. కొనేవాడు ఆ గదిలో బొగ్గును మండించడు. ఒక లెక్క చూడండి. స్థిరపడ్డ తేమ 6 శాతం దగ్గర జీసీవీ 4,050 ఉన్న బొగ్గు జీ-11. నీరు పూర్తిగా తీసేస్తే అది సుమారు 4,308. అదే బొగ్గు తెరిచిన వ్యాగన్లలో జూలై వానలో తడిసి, 12 శాతం తేమతో విద్యుత్ కేంద్రం చేరితే జీసీవీ సుమారు 3,790. అది జీ-12. దారిలో ఎవరూ బొగ్గు మార్చలేదు, నమూనా తీసినవాళ్లు తప్పు చేయలేదు, రెండు ప్రయోగశాలలూ సరైన అంకెలే ఇచ్చాయి. అయినా గ్రేడు జారిందన్న ఆరోపణ వస్తుంది, ఉత్తరాలు నడుస్తాయి, బిల్లు ఆగుతుంది. గని దగ్గర, కేంద్రం దగ్గర రెండు చోట్లా స్థిరపడ్డ తేమతో పాటు మొత్తం తేమనూ కొలిచి, రెండు జీసీవీలనూ ఒకే వందలోకి మార్చి పక్కపక్కన రాస్తే, తేడాలో వానది ఎంతో, బొగ్గుది ఎంతో విడిపోతుంది. ఆ తరువాత కూడా తేడా మిగిలితే అప్పుడు రాళ్లు కలిపారా, నమూనా సరిగా తీశారా అని వెతకాలి.